గేటు బయటే ఆపండి
2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు చాలామంది వలస పక్షుల మీదే నెపం వేశారు. అవి వైరస్‌ను మోసుకురావచ్చు, కాదనను. కానీ ఫారం నుంచి ఫారానికి దాన్ని చేరవేయడంలో మన చెప్పులు, లారీలు, గుడ్ల ట్రేల పాత్ర చిన్నదేం కాదు. ముఖ్యంగా ట్రేలు. ఊళ్లన్నీ తిరిగి రెట్ట మరకలతో వెనక్కొచ్చిన అట్ట ట్రేను ఏ మందుతోనూ కడగలేం. ప్లాస్టిక్‌వి వాడి, ప్రతిసారీ కడగాలి. పైగా వేర్వేరు వయసుల లేయర్ బ్యాచులు పక్కపక్కనే ఉన్న ఫారం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, లోపల పడ్డ జబ్బు ఒక పట్టాన వదలదు. గేటు దగ్గర మందునీళ్ల తొట్టి కట్టించి ఊరుకుంటే సరిపోదు. బూటుకంటిన రెట్టను ముందు బ్రష్‌తో రుద్ది కడగకపోతే ఆ మందు సరిగా పనిచేయదు, మురికైన నీళ్లు మార్చకపోతే తొట్టి ఉన్నా లేనట్టే. షెడ్డుకో జత చెప్పులు పెట్టడానికి ఎంతవుతుంది? ఇక చచ్చిన కోళ్లను కాలువలో పడేయడమంటారా, అది పక్క రైతు కొంప ముంచడమే, క్షమించరానిది. గుడ్ల వ్యాపారి ఎంత పాతకాపైనా, ఎంత కావలసినవాడైనా లోడింగ్ గేటు బయటే జరగాలి. రైతులారా, ఈ విషయంలో మొహమాటపడకండి.