ఇల్లు మారలేదు, అడ్రస్ మారింది

మా నాయనమ్మ పదిహేనేళ్లకే కూనవరం దగ్గరికి కోడలిగా వచ్చింది. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. కాపురానికొచ్చిన ఆ ఇంట్లోనే ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూసింది. మధ్యలో ఒక్కసారి కూడా ఇల్లు మారలేదు. కానీ ఆమె అడ్రస్ ఎన్నిసార్లు మారిందో చూడండి.

వచ్చినప్పుడు ఊరు మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలతో పాటు మళ్లీ తూర్పు గోదావరికి వెళ్లింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. "ఇంతకీ మనది ఏ జిల్లా నాయనమ్మా?" అని అడిగితే, "పొయ్యి ఎక్కడుంటే అదేరా మన జిల్లా. ముందు అన్నం తిను" అనేది.

ఆమెకి తారీఖులు తెలీవు, వరదలు తెలుసు. "మీ నాన్న పెళ్లి పెద్ద వరదకి ముందేడు" అంటే మేం 1985 అని రాసుకోవాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి ఎక్కింది. ఇప్పటికీ రికార్డు అదే.

రేడియోలో 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక అనగానే మగవాళ్లు ఒడ్డుకి పోయి నీళ్లు చూసేవాళ్లు. నాయనమ్మ మూటలు కట్టేది. ముందు విత్తనాలు, తర్వాత చింతపండు, ఉప్పు, అగ్గిపెట్టెలు. బట్టలు ఆఖర్న. 48 అడుగులకి రెండో హెచ్చరిక వచ్చేసరికి ఇల్లు సగం ఖాళీ. 53కి మూడోది వచ్చేసరికి అందరం గుట్ట మీద ఉండేవాళ్లం. అక్కడ మూడు రాళ్లు పెట్టి గంజి కాచేది. నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసి, గోడలు అలికి, మళ్లీ పొయ్యి వెలిగించేది.

2022 జులైలో గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు ఆమె మంచం మీదుంది. లేవలేదు. మేం ఫోన్ ఛార్జర్లు సర్దుకుంటుంటే మంచంలోంచే అరిచింది: "ముందు విత్తనాలురా! నారు కొట్టుకుపోతే మళ్లీ ఏం చల్లుతారు?"

ముంపు పరిహారం లెక్కలు రాసేటప్పుడు ఇల్లు కొలిచారు, చెట్లు లెక్కపెట్టారు. చింతచెట్టు కూడా కాగితం ఎక్కింది. "ముసలావిడ ఏం చేస్తారు?" అని అడిగితే "ఏం లేదండి, ఇంట్లోనే ఉంటుంది" అన్నది ఎవరో కాదు, నేనే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

2019లో కేంద్రం దేశమంతా ఒక సర్వే చేసింది, ఎవరు దేనికి ఎంత టైమ్ పెడుతున్నారని. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారట, మగవాళ్లు 97. అంటే ఐదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. ఆదివారం లేదు, రిటైర్మెంట్ లేదు.

ఆ ఇల్లు రేపోమాపో నీళ్లలోకి పోయేదే. ఈసారి అడ్రస్‌తో పాటు ఇల్లూ మారుతుంది. నాయనమ్మ మూటల వరస మాత్రం నా ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకున్నా. మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఇవాళే పక్కన కూర్చుని అలాంటిది ఒక్కటైనా అడిగి రాసుకోండి.

ఆమె ఏం చేసేదని ఎవరైనా మళ్లీ అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. డెబ్బై ఏళ్లకి పైగా, వరదొచ్చిన ప్రతిసారీ, ఒక ఇంటిని బురదలోంచి తీసి మళ్లీ నిలబెట్టింది.