రంగు సరే, ఆ రాత సంగతేంటి?

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్‌కి మూడు వారాల ముందు, చదువుకోవాల్సిన టైంలో, మా హాస్టల్ రూములో ఒక విమానం గురించి పెద్ద గొడవైంది. ఆ విమానం పొడవు 19 సెంటీమీటర్లు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరికి 29. ప్లాస్టిక్ షీటు, నాలుగైదు 3డి ప్రింట్ ముక్కలు, బోలెడంత సూపర్ గ్లూ కలిపి, నలుగురం మూడు నెలలు కూర్చుని చేసిన 1/48 స్కేల్ మోడల్. అప్పటిదాకా మేం కొట్టుకున్నదల్లా రంగు గురించి. ఆ రోజు మాత్రం గొడవ ఒక రాత గురించి. విమానం పక్కన ఉండాల్సిన రెండు ముక్కల రాత వేయాలా, వద్దా?

ముందు ఆ విమానమేంటో చెప్పాలి. పేరు ఎయిర్‌కో డీహెచ్.9ఎ. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వచ్చిన బ్రిటిష్ బాంబర్. చెక్క ఫ్రేము, దాని మీద బిగించిన గుడ్డ, పైనొకటి కిందొకటి రెక్కలు, ఇద్దరు మనుషులు, ముందు 400 హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజన్. అప్పటి సిగ్నలర్ల భాషలో 'ఎ' అనే అక్షరాన్ని 'ఆక్' అనేవాళ్ళట. అందుకని ఇది నైన్-ఆక్, నోట్లో నలిగి నలిగి 'నైనాక్'.

ఇన్ని విమానాలుండగా స్పిట్‌ఫైరో మిగ్-21ఓ చేసుకోకుండా ఎవరికీ తెలియని ఈ నైనాక్ ఎందుకంటే, కారణం మన ఊరే. 1918లో బ్రిటిష్ వాయుసేనలో 110 స్క్వాడ్రన్ ఈ రకం విమానాలతో యుద్ధానికి వెళ్ళింది. ఆ స్క్వాడ్రన్ మొదటి విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహుమతిగా ఇచ్చిన డబ్బుతో వచ్చినవి. ఒక్కోదాని పక్కనా ఇది హైదరాబాద్ నిజాం బహూకరణ అని రాసి, హైదరాబాద్ ఫలానా నంబరు అని వేసేవాళ్ళు. తర్వాత ఆ స్క్వాడ్రన్ పేరులోనే 'హైదరాబాద్' చేరింది. అక్కడితో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152 స్క్వాడ్రన్‌కీ మన ఊరి పేరే, దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగా.

సరే, గొడవకి ముందు రంగు సంగతి. ఎందుకంటే ఈ హాబీలో 'ఖచ్చితత్వం' అన్న మాట వినపడగానే అందరూ పట్టుకునేది రంగునే.

స్కేల్ మోడల్ అంటే బొమ్మ అనుకునేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. మీరు బ్రష్‌తో 0.1 మిల్లీమీటర్ మందం రంగు పూశారనుకోండి. 1/48లో అది అసలు విమానం మీద దాదాపు 5 మిల్లీమీటర్ల మందం. అంటే రంగు కాదు, పలస్తరు. రెక్కల మధ్య బిగించే తీగల కోసం మావాడొకడు తన వెంట్రుక పీకి ఇచ్చాడు (త్యాగం!). వెంట్రుక 0.07 మిల్లీమీటర్లు అనుకుంటే 48తో గుణించండి, సుమారు 3.4 మిల్లీమీటర్లు. ఫర్వాలేదు, తీగలాగే ఉంటుంది. కానీ ఆ కాలపు బ్రిటిష్ విమానాల తీగలు గుండ్రంగా ఉండవు, గాలిని కోసుకుంటూ పోయేలా బద్దల్లా ఉంటాయి. వెంట్రుకని బద్దలా చేయడం మా వల్ల కాలేదు. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో 'స్కేల్స్' చాప్టర్ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఈ విమానం ఎక్కించింది.

ఇక రంగు. పై భాగాలకీ పక్కలకీ వేసే రంగుని పీసీ10 అంటారు. పసుపు మట్టి రంగులో కొంచెం దీపపు మసి కలిపి చేసేవాళ్ళు. పసుపుకి నలుపు కలిపితే కంటికి ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, కావాలంటే వాటర్ కలర్స్‌తో చూడండి. అందుకే కొందరు ఇది ఆలివ్ గ్రీన్ అంటారు. కానీ ఏ ద్రవంలో కలిపారు, పైన ఏ వార్నిష్ కొట్టారు, ఎన్నాళ్ళు ఎండకి ఎండింది, వీటిని బట్టి అదే రంగు చాక్లెట్ బ్రౌన్‌లా కూడా తేలుతుంది. నలుపు-తెలుపు ఫొటోలు ఈ తగువు తీర్చవు. ప్రపంచవ్యాప్తంగా మోడలర్లు దశాబ్దాలుగా దీని మీద తిట్టుకుంటూనే ఉన్నారు. మనం ఏది వేసినా ఎవడో ఒకడు తప్పంటాడు.

నాకు ఈ తగువులంటే ఇష్టమే. చిన్నచూపు లేదు. ఒక రంగు ఎందుకు అలా ఉందో వెతికినవాడికి కెమిస్ట్రీ వస్తుంది, ఫొటో చదవడం వస్తుంది, 'నాకు తెలీదు' అనడం కూడా వస్తుంది. నా అభ్యంతరం వేరే. రంగు దగ్గర మూడు వారాలు కొట్టుకున్న మేమే, రాత దగ్గరికొచ్చేసరికి 'అదేముందిలే, వదిలేద్దాం' అనేశాం.

మోడల్ చేసేవాళ్ళు తరచూ మర్చిపోయే విషయం ఒకటుంది. 'డీహెచ్.9ఎ' అనే విమానం ఎక్కడా లేదు. ఉండేది ఫలానా నంబరు గల విమానం, ఫలానా రోజున. రకాన్ని డ్రాయింగ్ షీటు మీద చూపించొచ్చు. మోడల్ చేస్తే మాత్రం ఒక్క విమానాన్నే చేయగలం. మేం ఎంచుకున్నది ఎఫ్1010. దానికి కారణం, ఆ కాలపు నైనాక్‌లలో ఇప్పటికీ చూడగలిగినవి చాలా తక్కువ. ఇది లండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

అది అక్కడికి చేరిన దారి చూడండి. 1918 అక్టోబరు 5న జర్మనీలోని కైజర్స్‌లాటెర్న్ వైపు బాంబు దాడికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరు సిబ్బందీ బతికే జర్మన్లకి దొరికారు. విమానం బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకి చేరింది. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే అక్కడి విమానాలు కొన్నిటిని తూర్పుకి తరలించారు, అలా ఇది పోలెండ్‌లో తేలింది. 1977లో బ్రిటిష్ వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్‌ని పోలెండ్‌కి ఇచ్చి బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. రెక్కలు మళ్ళీ కొత్తగా కట్టాల్సి వచ్చింది. కాబట్టి ఇవాళ మనకి కనపడే రంగు పునరుద్ధరణలో వేసింది. మ్యూజియం విమానాన్ని చూసి రంగు వేశామంటే, 1918ని కాపీ కొట్టినట్టు కాదు, ఆ పునరుద్ధరణ చేసినవాళ్ళ నిర్ణయాన్ని కాపీ కొట్టినట్టు.

ఇప్పుడు రూములో గొడవ.

మాలో చెయ్యి వణకకుండా సన్న అక్షరాలు రాయగలిగేది ఒక్కడే, సివిల్ బ్రాంచి వాడు, నల్గొండ జిల్లా. రాత వాడికే అప్పజెప్పాం. ఏం రాయాలో చూసి బ్రష్ కింద పెట్టేశాడు. "నేనైతే రాయ. మా ముత్తాత కట్టిన శిస్తుతోటి విమానం కొన్నడు, మళ్ళ ఆయన పేరే నేను రాయాల్నా?" అన్నాడు. వాళ్ళ ఇంట్లో సాయుధ పోరాటం అంటే పుస్తకంలో చాప్టర్ కాదు, అన్నాలు తినేటప్పుడు చెప్పుకునే సంగతి.

ఇంకొకడు దీనికి పూర్తిగా ఎదురు. నిజాం యూనివర్సిటీ పెట్టాడు, ఆస్పత్రులు కట్టాడు, ప్రపంచ యుద్ధంలో మన ఊరి పేరు ఆకాశంలో ఎగిరింది, గర్వంగా పెద్ద అక్షరాలతో రాద్దాం అంటాడు. మూడోవాడు, ఎక్స్‌పో జడ్జిలకి ఇవన్నీ అక్కర్లేదు, రాత తీసేస్తే గొడవే ఉండదు, మార్కులు రంగుకీ ఫినిషింగ్‌కీ వస్తాయి అన్నాడు. నేను రాజమండ్రి వాణ్ణి కాబట్టి నోరు తెరిస్తే 'నీకేం తెల్సు, ఊకో' అన్నారు.

ఆ రోజు అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

రాత తీసేస్తే గొడవ ఉండదన్న మాట నిజమే. కానీ అప్పుడు మిగిలేది బ్రిటిష్ వాళ్ళ విమానం, జర్మన్ల మీద దాడి, యూరప్ కథ. మన వైపు నుంచి వెళ్ళిన డబ్బు సంగతి ఆ మోడల్ మీద ఎక్కడా కనపడదు. నల్గొండ మిత్రుడి కోపానికి ఉన్న ఏకైక సాక్ష్యం ఆ రాతే. నిజాం పేరుని తుడిచేస్తే పోయేది నిజాం కాదు, వాడి ముత్తాత. ఖజానా దివానీ ఇలాకాదైనా, నిజాం సొంత ఖర్చులకి విడిగా ఉంచిన సర్ఫెఖాస్ భూములదైనా, చివరికి రూపాయి పుట్టింది పొలంలోనే కదా.

అలాగని పెద్ద అక్షరాలతో రాద్దామన్న వాడి మాటా నాకు నచ్చలేదు. రాత ఎంత ఉందో అంతే ఉండాలి. పెంచితే అది మోడల్ కాదు, ఫ్లెక్సీ. గర్వపడాలంటే ఆ ఏడాది మొత్తం చూసి గర్వపడాలి. 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది, ఉర్దూ మాధ్యమంలో. అదే ఏడాది దేశంలో వానలు మొహం చాటేశాయి, కరువొచ్చింది. అదే ఏడాది ఇన్‌ఫ్లూయెంజా వచ్చి దేశం మొత్తం మీద కోటి మందికి పైగా పోయారు. ఆ జబ్బు మహా ఉధృతంగా ఉన్న రోజుల్లోనే, అక్టోబరులో, మన డబ్బుతో వచ్చిన ఎఫ్1010 జర్మనీలో కూలింది. ఇవన్నీ ఒకే క్యాలెండర్‌లోవి. నేను వీటిని కలిపి కారణాలు అంటగట్టట్లేదు. కానీ తేదీ ఎంచుకుని మోడల్ చేసేవాడికి ఆ తేదీన ఇంకేం జరుగుతోందో పట్టకపోతే, ఇక తేదీ ఎందుకు?

ఇంకొకటి. ఈ విమానం పని ఊళ్ళ మీద బాంబులు వేయడం. జర్మనీ ఊళ్ళే కాదు. యుద్ధం అయ్యాక ఇదే నైనాక్‌లని మన వాయవ్య సరిహద్దుకి తెచ్చి, 1925లో వజీరిస్థాన్ తెగల మీద వాడారు. మేం రెక్కల కింద అగ్గిపుల్ల చివరంత బాంబులు ఎంత ముద్దుగా చేశామో! నునుపుగా సాండ్‌పేపర్ కొట్టి, లైటు కింద పట్టుకుని మురిసిపోయాం. దానికి నాకేం సిగ్గు లేదు, పని బాగా కుదిరితే ముచ్చటేస్తుంది. కాకపోతే అవి దేనికి వాడతారో ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. తీగలు గుండ్రమా బద్దా అని మాత్రం రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం.

'హాబీలో రాజకీయాలెందుకు బ్రో' అని కొందరంటారని తెలుసు. కానీ ఈ విమానం మీద రాజకీయాలు నేను తెచ్చి అతికించినవి కావు. 1918లోనే రాసి ఉన్నాయి. నేను దాన్ని ఉన్నదున్నట్టు వేద్దామంటున్నా, అంతే. ఖచ్చితత్వం అంటే పొగడ్త కాదు. హిట్లర్ కాలపు విమానం మోడల్ చేసేవాడు తోక మీద స్వస్తిక వేస్తే వాడు నాజీ అయిపోడు. వేయకుండా వదిలేస్తే చూసేవాళ్ళకి అది ఎవరి విమానమో సగమే తెలుస్తుంది.

చివరికి రాత వేశాం. నల్గొండ మిత్రుడు వేయలేదు, వాడి మాట మీద వాడు నిలబడ్డాడు. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. ఒక్కో అక్షరం ఆవగింజలో సగం కూడా ఉండదు. మొదటిసారి నేను చేత్తో ప్రయత్నిస్తే హైదరాబాద్ కాస్తా చీమ పాకినట్టు వచ్చింది. తుడిచి, కంప్యూటర్‌లో గీసి, డీకాల్ పేపర్ మీద ప్రింట్ తీసి, నీళ్ళలో నానబెట్టి అతికించాం. భూతద్దం లేకుండా చదవలేరు. అందుకని ఎక్స్‌పో టేబుల్ మీద మోడల్ పక్కన ఒక భూతద్దం, ఒక చిన్న కార్డు పెట్టాం.

కార్డు మాత్రం వాడే రాశాడు, ఎవరూ అడక్కుండానే. విమానం నంబరు, కూలిన తేదీ రాసి, కింద ఒక లైను: "పేరు నిజాంది, పైసలు రైతులయి." పెద్ద అక్షరాల వాడు ఇది ఒకవైపే ఉందని గొణిగి, పక్కనే 'ఉస్మానియా కూడా అదే ఏడాది' అని పెన్నుతో చేర్చాడు. కార్డు అసహ్యంగా తయారైంది. జనం మోడల్ కంటే కార్డు దగ్గరే ఎక్కువసేపు ఆగి, వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు.

ప్రైజు రాలేదు. జడ్జి ఒకాయన వచ్చి, రాత సంగతి అడగలేదు, భూతద్దం ముట్టుకోలేదు. పై రెక్కని ఒకటికి రెండుసార్లు చూసి, "పీసీ10 ఇంత బ్రౌన్‌గా ఉండదే, కొంచెం ఆకుపచ్చ ఉండాలి కదా?" అన్నారు. ఆ రాత్రి రూముకొచ్చాక నలుగురం మళ్ళీ దాని మీదే మొదలుపెట్టాం.