రజాయి గలీబూ, గజ్జీ

పోయిన చలికాలంలో ఒక తల్లి ఇద్దరు పిల్లలను మూడోసారి తీసుకొచ్చింది. మందు రాసినా గజ్జి తిరగబెడుతోంది. బట్టలన్నీ వేడినీళ్ళలో వేసిందట. ఆకుపచ్చ నూలు రజాయి గలీబును మాత్రం, రంగు పోతుందని, చన్నీళ్ళలో జాడించింది. పిల్లలు కప్పుకునేది అదే! పైగా భర్త మందు రాసుకోలేదు. ఆయనకు దురద లేదట.

గజ్జి ముఖ్యంగా ఒంటికి ఒళ్ళు తగిలి అంటుతుంది. పక్కబట్టల వల్లా రావచ్చు. దురద లేకపోయినా ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోండి. మరునాడు గలీబును చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి, ఉతికి, ఎండలో వేయండి. రంగు మీద అంత మమకారముంటే ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారంపాటు ముట్టుకోకండి. ఒంటిని విడిచిన పురుగు సాధారణంగా 2, 3 రోజులకు మించి బతకదు.

కొత్తది కొనేటప్పుడు తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే వద్దు.

మందు వాడాక కూడా దురద 2, 3 వారాలు ఉండవచ్చు. కంగారుపడి రోజూ మందు పూయకండి.