పట్వారీ పోయిండు, తాళం పోలేదు

సర్కారు మన బతుకుల మీద నడిపే లెక్క మన కండ్లకు కనబడాలె. ఈ వ్యాసం అడిగేది ఇదొక్కటే.

తెలంగాణ పల్లెల్లో భూమి లెక్క తరతరాలుగా పట్వారీ దస్త్రంలో ఉండేది. దున్నింది మాల మాదిగలు, రాసింది పట్వారీ. పహాణీలో ఎవరి పేరు ఎక్కిందో, ఎవరి పేరు కొట్టేసిండో అడిగే ధైర్యం ఎవరికుండె? చదువుకు దూరం పెట్టిన కులాలకు దస్త్రం చూపినా ఒకటే, దాచినా ఒకటే. 1984లో ఎన్టీఆర్ సర్కారు పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారీ పోయిండు. దస్త్రం చేతులు మారి మారి కంప్యూటర్‌లోకి పోయింది. తాళం మాత్రం పోలేదు.

2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. దాన్ని నడిపింది ఒక ప్రైవేటు కంపెనీ. అందులో అనుభవదారు కాలమ్ లేదు. అంటే భూమి మీద చెమటోడ్చేటోని పేరుకు చోటే లేదు. ఆ కాలమ్ ఉండొద్దని ఎవరు నిర్ణయించిండ్రు? ఏ గ్రామసభలో చర్చ జరిగింది? 2024లో ధరణిని ఎన్ఐసీకి అప్పగించిండ్రు. 2025లో అంబేద్కర్ జయంతి నాడే భూభారతి మొదలుపెట్టిండ్రు. కంపెనీ చేతి నుంచి సర్కారు చేతికి రావడం మంచిదే. కానీ సర్కారు చేతిలో ఉన్నంత మాత్రాన మన ముందర ఉన్నట్టు కాదు. పట్వారీ కూడా సర్కారు మనిషే గదా!

ఇక బియ్యం కార్డు సంగతి. తెలంగాణ సర్కారు ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎవరు పేద, ఎవరు కాదు అని తేల్చింది. రిక్షా తొక్కి బతికిన మనిషిని కారున్న మరో మనిషిగా అది లెక్కగట్టిన సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ విచారించాలని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏం రాసి ఉందో చూపమని సమాచార హక్కు కింద అడిగితే, దాని మీద కంపెనీకి హక్కులున్నాయని ఐటీ శాఖ ఇయ్యలేదు. మన కడుపు మీద తీర్పు చెప్పే రాత కంపెనీ సొత్తట! కాశిబుగ్గ మీసేవ కాడ నిలబడ్డ ఏనుమాముల మార్కెట్ హమాలీకి ‘సిస్టంలో మీ పేరు లేదు’ అంటే, ఆయన ఎవరి మీద అప్పీలు చేసుకోవాలె?

కంప్యూటర్ తనంతట తాను ఏమీ చెయ్యదు. మనుషులు వరుసగా రాసిన రాత ప్రకారం నడుస్తది. ఆ రాతను సోర్స్ కోడ్ అంటరు. దాన్ని ఎవరైనా చదివి, తప్పు పట్టి, దిద్ది, పదిమందికి పంచే హక్కు ఉంటే అది ఓపెన్ సోర్స్.

దీంతో పైసలూ మిగులుతయి. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్లు లినక్స్ మీద నడుస్తున్నయి. 2 లక్షల కంప్యూటర్లకు లైసెన్సుల ఖర్చు 3,000 కోట్లు తప్పిందని అక్కడి కైట్ సంస్థ 2019లో లెక్క చెప్పింది. ఆ పైసలు హాస్టల్ పిల్లల మెస్సుకు పనికిరావా? ఒక్క కంపెనీకి జుట్టు అందించి కూసునే గతి కూడా తప్పుతది. ఒకరు సరిగ్గ చెయ్యకుంటే ఇంకొకరికి అప్పజెప్పొచ్చు.

‘రాత తెరిస్తే దొంగలు పడతరు’ అని భయపెడతరు. మీ పేరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా తెరవమని ఎవరూ అంటలేరు. అవి తాళంలోనే ఉండాలె. తెరవాల్సింది నియమం. ఏ లెక్కన కార్డు తీసేసిండ్రు, ఏ లెక్కన భూమి నిషేధిత జాబితాలో పెట్టిండ్రు అన్నది. ‘మీ వాళ్లకు కోడ్ చదవొస్తదా?’ అని ఎగతాళి చేసేటోళ్లూ ఉంటరు. రిజర్వేషన్‌తో ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు వాడవాడకూ ఉన్నరు. తెలుగులో లినక్స్ తయారుచేసిన ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నయి. చదవడం రాదన్నది ఒకనాడు మన తాతలకు చెప్పిన సాకే.

నిజానికి కేంద్ర సర్కారు 2015లోనే విధానం తెచ్చింది. కొత్త పనుల్లో ఓపెన్ సోర్స్‌కే మొదటి చోటు ఇయ్యాలె, కాదంటే కారణం రాయాలె. కాగితం మీద హక్కు ఉంది. మహద్‌లో చౌదార్ చెరువు కూడా అట్లనే ఉండె. అందరికీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకొని నడిచి పోయి దోసిలి ముంచినదాకా ఆ నీళ్లు మనవి కాలేదు. ప్రజల పైసలతో తవ్విన చెరువు ప్రజలందరిది. ప్రజల పైసలతో రాసిన సాఫ్ట్‌వేర్ కూడా అంతే.

అందుకే సంఘాలు తమ తీర్మానాల్లో ఈ మూడు చేర్చాలె. ఒకటి, భూమి, రేషన్, పింఛన్ల సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ బయటపెట్టాలె. రెండు, పేరు తీసేసే ముందర కారణం తెలుగులో రాసిచ్చి, మనిషి ఇంటికొచ్చి విచారించాలె. మూడు, ఉపాధి హామీకి చేసినట్టే ఈ సాఫ్ట్‌వేర్లకూ గ్రామసభలో సోషల్ ఆడిట్ పెట్టాలె.

రాత తెరిస్తే ఒక్కపూటలో న్యాయం దొరకదు. కానీ మూసిన దస్త్రంతో కొట్లాడలేం. తెరిచిన దస్త్రంతో కొట్లాడగలం.

జై భీమ్!