వీడియో ఆటయు, దేహమును వీడు యానమును

ఉన్నత తరగతి విద్యార్థి యొకడు ఇటీవల నాతో నొక సంగతి చెప్పెను. వాని తండ్రి కట్టడపు పనికై దుబాయి వెళ్లి మూడేండ్లయినది. వారమున కొకమారు ఫోను చేయునుగాని, ఆ సంభాషణ తల్లితో అప్పుల లెక్కలయందే ముగియునట. అందుచే నీ బాలుడు రాత్రులందు చాలసేపు వీడియో ఆట ఆడి, పిమ్మట కన్నులు మూసికొని, ఆటలోని వీరుని వలె తానును దేహమును వీడి తండ్రికడకు పోవ నభ్యసించుచున్నాడు. వాని కోరిక నవ్వదగినది కాదు. మార్గము మాత్రము విచారింపదగినది.

ఈ నమ్మకము క్రొత్తది కాదు. పరకాయప్రవేశ కథలను మన మెరుగుదుము. పాశ్చాత్యులలో మల్డూన్, కారింగ్టన్ అనువారు 1929లోను, రాబర్ట్ మన్రో 1971లోను సూక్ష్మశరీరయానమును గూర్చి గ్రంథములు ప్రకటించిరి. ఆటను దానికి సాధనముగా జేయుటయే నవీనము.

ఆటకు మనస్సుపై బలము లేదని నేననను. 2000వ సంవత్సరమున రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అను శాస్త్రజ్ఞుడు 27 మందిచేత టెట్రిస్ ఆడించి పరీక్షింపగా, సగముకంటె నెక్కువమందికి నిద్రపట్టు వేళ ఆ జారిపడు దిమ్మలే కనబడెను. ఆడిన సంగతియే మరచిన రోగులలో సయితము కొందరికట్లే యయ్యెను. 2007లో స్విట్జర్లాండునందు కొందరి కన్నులకు తెరలు గట్టి, వారి వీపునే వారికి ఎదుట జూపి, అదే సమయమున వీపును కఱ్ఱతో నిమిరిరి. అంతట తాము ఆ బొమ్మవైపు జరిగినట్లు వారికి తోచెను. వీరుని వీపు చూచుచు ఆడు బాలునకు అట్టి భ్రాంతి సులభమగుటలో వింతలేదు.

అయినను, పోయినట్లు తోచుట వేరు, పోవుట వేరు. 2002లో జెనీవా వైద్యులు మెదడున నొకచోట విద్యుత్తు సోకించినపుడు, మంచముననున్న రోగి తాను పైనుండి తన్ను జూచుచున్నట్లు చెప్పెను. దేహమును వీడి దూరవస్తువును జూచి వచ్చినట్లు సందేహమునకు తావులేకుండ రుజువైనది లేదు. ఈ యభ్యాసమువలన బాలునకు మిగులునది నిద్రలేమియే. తండ్రి దర్శనము కాదు.

అపొస్తలుడైన పౌలు మూడవ యాకాశమునకు కొనిపోబడిన యొకని గూర్చి వ్రాయుచు, అది శరీరముతోనో శరీరము లేకయో తా నెరుగననెను. దానికి ఉపాయము నెవ్వరికిని నేర్పలేదు. దూరముననున్న సంఘములను చూడగోరినపుడు ఆయన చేసిన పని ఉత్తరము వ్రాయుట. దేహమున దూరముగానున్నను ఆత్మయందు వారితో నున్నానని తెలిపినది ఆ యుత్తరములయందే.

తలిదండ్రులారా, రాత్రి ఆటలను కట్టిపెట్టుడు. కాని యంతటితో విడువకుడు. మనకు రాత్రి పదిగంటలైనపుడు దుబాయిలో ఎనిమిదిన్నరయే. అప్పుల మాటలకు ముందు పది నిమిషములు ఫోనును బాలుని చేతికిండు. ఆ బాలుడు కోరిన యానము అంతియే.