ఫోన్లోంచి రేడియో ఎందుకు పోయింది

మొబైల్ ఫోన్లో ఎఫ్‌ఎం రేడియో పలకాలంటే ఒక రిసీవర్, ఒక యాంటెన్నా ఉండాలి. రిసీవర్ పెద్ద ఖర్చు కాదు. స్మార్ట్‌ఫోన్లు ఊపందుకున్న 2010 తర్వాతి రోజుల్లో బ్రాడ్‌కామ్, క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి కంపెనీలు వైఫై, బ్లూటూత్‌లతో పాటు ఎఫ్‌ఎంను కూడా ఒకే చిప్పులో ఇమిడ్చి అమ్మేవి. చిక్కంతా యాంటెన్నాతోనే. విశాఖపట్నం ఆకాశవాణి రెయిన్‌బో 102 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు. దాన్ని బాగా పట్టుకోవాలంటే అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు తీగ కావాలి. అరచేతిలో ఇమిడే ఫోన్లో అంత తీగ దాచడం కష్టం కనుక ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నాగా వాడుకున్నారు. రేడియో తెరవగానే ఇయర్‌ఫోన్ పెట్టమని ఫోన్ అడిగేది అందుకే. స్పీకర్లో విన్నా సరే, తీగ తగిలించి ఉండాల్సిందే.

ఆ తీగ గుచ్చే 3.5 మిల్లీమీటర్ల జాక్ పోవడంతో ఖరీదైన ఫోన్లలో రేడియోకు చోటు లేకుండా పోయింది. జాక్ లేని ఫోన్లు అంతకుముందూ వచ్చాయి. ఒప్పో ఫైండర్ 2012 నాటిది. అయితే 2016 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7 నుంచి జాక్ తీసేశాకే మిగతావాళ్లు వరస కట్టారు. ఐఫోన్లో రేడియో వినే వీలు మొదటినుంచీ లేదు. దాన్ని చూసి జాక్ తీసేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం అప్పటిదాకా ఉన్న రేడియో కూడా జాక్‌తో పాటే పోయింది. లోపల చోటు చాలడం లేదని, నీరు చొరబడకుండా ఉండాలంటే రంధ్రాలు తగ్గాలని తయారీదారులు చెప్పారు. ఆ కారణాల్లో నిజం లేకపోలేదు. ఫోన్ లోపల ప్రతి ఘన మిల్లీమీటరుకూ బ్యాటరీ, కెమెరా పోటీ పడతాయి. కానీ ఆపిల్ తీగ లేని ఇయర్‌ఫోన్లను, అంటే ఎయిర్‌పాడ్స్‌ను, విడిగా డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువుగా ప్రకటించింది కూడా ఆ వేదిక మీదే, ఆ రోజే. జాక్ లేని ఫోన్లను ప్రకటనల్లో ఎగతాళి చేసిన శాంసంగ్ 2019లో నోట్ 10 తెచ్చేసరికి తానూ జాక్ తీసేసింది.

ఒక సౌకర్యాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చే లెక్క కొనేవాడికి కనిపించదు. ఒక్కో ఫోన్లో 10 రూపాయలు మిగిలితే కోటి ఫోన్ల మీద 10 కోట్లు మిగులుతాయి. విడిభాగం ధర ఒక్కటే కూడా కాదు. రేడియో ఉంటే దాన్ని పరీక్షించాలి, దాని సాఫ్ట్‌వేర్‌ను ప్రతి కొత్త ఆండ్రాయిడ్‌తో సరిచూడాలి, దేశానికో పౌనఃపున్యం అమర్చాలి. మన దేశంలో ఎఫ్‌ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటే జపాన్‌లో 76 నుంచి మొదలవుతుంది. ఒకే నమూనాను ప్రపంచమంతా అమ్మే కంపెనీకి ఇలాంటి తేడాలు తలనొప్పి. అందుకే చిప్పులో రేడియో సిద్ధంగా ఉన్నా, దాన్ని యాంటెన్నాకు కలపకుండా వదిలేసిన ఫోన్లు చాలా వచ్చాయి. వస్తువు లోపలే ఉంది, డబ్బిచ్చి కొన్నవాడికి మాత్రం అందదు.

వీటన్నిటికన్నా బరువైన కారణం ఒకటుంది. రేడియో వింటే ఫోన్ కంపెనీకి పైసా రాదు. డేటా ఖర్చు కాదు, చందా ఉండదు, వినేవాడు ఎవరో ఏం విన్నాడో తెలియదు. ఆన్‌లైన్ పాటల యాప్ అలా కాదు: నెలనెలా చందా, నిమిషం నిమిషానికి ప్రకటన, వాటిలో వాటాలు. మెమరీ కార్డు పెట్టే చోటు ఖరీదైన ఫోన్లలో మాయం కావడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. కార్డు కొని వేసుకుంటే ఆ డబ్బు కార్డు అమ్మినవాడికి పోతుంది. ఎక్కువ జీబీ ఉన్న ఫోన్ కొంటే ఫోన్ కంపెనీకే వస్తుంది. ఒకప్పుడు విజయనగరం జిల్లా చీపురుపల్లి లాంటి ఊళ్లలో బస్టాండు దగ్గరో స్టేషన్ రోడ్డులోనో ఉండే సెల్ షాపులకు మెమరీ కార్డులో పాటలు ఎక్కించడం కూడా ఒక వ్యాపారమే. ఇప్పుడు అదీ చితికిపోయింది.

కంపెనీలు తమను సమర్థించుకోవడానికి వాడకం లెక్కలు చూపిస్తాయి. ఏ యాప్‌ను రోజుకు ఎందరు తెరుస్తున్నారో వాటికి తెలుసు. రేడియో తెరిచేవాళ్లు తక్కువే. కానీ అది మామూలు రోజుల సగటు. కొన్ని వస్తువుల విలువ సగటులో దొరకదు. చెరువు గట్టుకున్న కళింగను 300 రోజులు ఎవరూ తలచుకోరు, వరద రోజున అది లేకపోతే గట్టే ఉండదు. ఫోన్లో రేడియో అలాంటిదని ఉత్తరాంధ్రకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. రెండుసార్లూ మొదట పోయింది కరెంటు, తర్వాత ఫోన్ సిగ్నల్. సెల్ టవర్‌కు కరెంటు లేకపోతే బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి, ఆపైన డీజిల్ జనరేటర్ కావాలి. చెట్లు కూలి దారులు మూసుకుపోతే డీజిల్ రాదు. టవర్ నిలిచినా దాని వెనక ఆప్టికల్ కేబుల్ తెగితే మాట కదలదు. విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాలదే తీరం. అక్కడి నుంచి చీపురుపల్లి సుమారు 30 కిలోమీటర్లు లోపల. సముద్రం అంత దూరంలో ఉన్నా తుపాను గాలి, వాన, చీకటి ఊరికి తప్పవు.

అలాంటి రాత్రి రేడియో బలం దాని సాదాతనంలోనే ఉంది. పలికే ట్రాన్స్‌మిటర్ ఒక్కటే. దానికి సొంత జనరేటర్ ఉంటే వేల టవర్లు పనిచేయనక్కర్లేదు. వినేవాళ్లు లక్షమందైనా లైను బిజీ కాదు. రిసీవర్ తినే కరెంటు బహు కొద్ది. ఫోన్‌లో మిగిలిన కాస్త ఛార్జింగుతోనూ చాలాసేపు వినొచ్చు. వాతావరణ శాఖకు విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దన్న హెచ్చరిక దశాబ్దాలుగా ఆకాశవాణి ద్వారానే పల్లెలకు చేరింది. బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసుకునే పాత ఫోన్ పద్ధతి కూడా అలాంటి రాత్రికే పనికొచ్చేది. ఇప్పుడు బ్యాటరీ జిగురుతో అతికి ఉంటుంది, మార్చాలంటే షాపుకే వెళ్లాలి.

ఫోన్లో రేడియో ఎందుకు లేదన్న ప్రశ్న 2017లో అమెరికాలోనూ వచ్చింది. ఆ సెప్టెంబరులో మరియా తుపాను ప్యుయెర్టో రికోలో 95 శాతానికి పైగా సెల్ కేంద్రాలను మూగబోయేలా చేసింది. ఫోన్లలోని ఎఫ్‌ఎం చిప్పులను పనిచేయనివ్వమని అక్కడి సమాచార నియంత్రణ సంస్థ అధ్యక్షుడు అజిత్ పాయ్ ఆపిల్‌ను బహిరంగంగా కోరారు. ఐఫోన్ 7, 8లలో ఎఫ్‌ఎం చిప్పూ లేదు, దానికి తగిన యాంటెన్నా కూడా లేదని కంపెనీ జవాబిచ్చింది. తీసేశాక జరిగేది ఇదే. విపత్తు వచ్చిన రోజున సాఫ్ట్‌వేర్ మార్చి తెచ్చుకుందామన్నా లోపల వస్తువుండదు.

రేడియోను పొగిడేటప్పుడు దాని హద్దులూ చెప్పాలి. ఎఫ్‌ఎం తరంగం చూపుమేరకు పోయేది. కొండలు, దూరం దానికి అడ్డు. విశాఖ నుంచి చీపురుపల్లికి రైలు దారిలో 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి అక్కడి ఎఫ్‌ఎం ఇక్కడ నమ్మకంగా వినిపిస్తుందని అనలేం. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణికి 927 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్ ప్రసారమూ ఉంది. నేలను అంటిపెట్టుకుని పోయే ఆ తరంగం చాలా దూరం వెళుతుంది. కానీ దాని పొడవు 320 మీటర్లకు పైమాటే. దాన్ని పట్టడానికి పాత ట్రాన్సిస్టర్లలో ఉండే ఫెర్రైట్ కడ్డీ కావాలి. అది ఫోన్లో పట్టదు, పట్టినా ఫోన్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే రొద ఆ స్టేషన్‌ను మింగేస్తుంది. కాబట్టి ఫోన్లో రేడియో ఇక్కడ అక్కరకు రావాలంటే దగ్గరలో ఎఫ్‌ఎం స్టేషన్ కూడా ఉండాలి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ పట్టణాల్లో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు గానీ వాతావరణం, ప్రకృతి వైపరీత్యాల సమాచారం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. స్టేషన్లకు దారి తెరుచుకుంటున్న కాలంలోనే జేబుల్లోంచి రిసీవర్లు పోవడం ఈ ప్రాంతానికి నిజమైన నష్టం.

ఫోన్లకు నేరుగా వచ్చే హెచ్చరిక సందేశాలుండగా రేడియో దేనికని అడిగేవాళ్లున్నారు. పెద్ద మోతతో తెర మీద ప్రత్యక్షమయ్యే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను మన దేశంలో 2023లో పరీక్షించారు. తుపాను రాకముందు ఖాళీ చేయించడానికి అవి మేలైన సాధనం. కానీ ఆ సందేశం రావడానికి బతికున్న టవర్ కావాలి. తుపాను దాటాక ఏ రోడ్డు మూసుకుపోయింది, భోజనం ఎక్కడ పెడుతున్నారు, కరెంటు ఎప్పుడొస్తుంది అన్న రోజులే ఎక్కువ; టవర్లు ఉండనివీ ఆ రోజులే.

తీసేసినవి తిరిగి రావడమూ ఉంది. శాంసంగ్ 2015లో గెలాక్సీ ఎస్6 నుంచి మెమరీ కార్డు తీసేసి, మరుసటి ఏడాది ఎస్7లో మళ్లీ పెట్టి, 2021లో ఎస్21 నుంచి మళ్లీ తీసేసింది. ఆపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో తీసేసిన హెచ్‌డీఎంఐ, కార్డు రంధ్రాలను 2021లో తిరిగి ఇచ్చింది. ఆ లాప్‌టాప్ కొనేది ఫొటోగ్రాఫర్లు, సినిమా ఎడిటర్లు; లక్షలు పెట్టే కొనుగోలుదారుల గొణుగుడు కంపెనీ చెవిన పడుతుంది. 2023లో ఫోర్డ్ కంపెనీ కొత్త కార్లలో ఏఎం రేడియో తీసేస్తామని ప్రకటించి, అత్యవసర హెచ్చరికల మాట ఎత్తి చట్టసభల సభ్యులు పట్టుబట్టాక వెనక్కి తగ్గింది. తుపాను రాత్రి కోసం ఫోన్లో రేడియో కావాలనుకునే రైతుకూ, మత్స్యకారుడికీ కొనేచోట ఆ బలం లేదు. ధర, కెమెరా, బ్యాటరీ చూసి కొంటారు. రేడియో లేదని ఫోన్ వదిలేసేవాళ్లు అరుదు. అందువల్ల ఇది మార్కెట్ సరిదిద్దే లోటు కాదు, ప్రభుత్వం పూనుకోవాల్సింది.

ప్రభుత్వం పూనుకుంది గానీ సగమే. 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఫోన్ తయారీదారుల సంఘాలకు ఒక సలహా జారీ చేసింది. ఎఫ్‌ఎం ఉన్న ఫోన్ల సంఖ్య బాగా పడిపోయిందని, లోపల రిసీవర్ ఉంటే దాన్ని ఆపేయకూడదని, లేకపోతే చేర్చే ఆలోచన చేయాలని అందులో ఉంది. విపత్తుల మాటా ఉంది. ఎంత మంచి మాటలున్నా అది సలహా, నిబంధన కాదు. నిబంధన ఎలా ఉంటుందో ఐరోపా చూపించింది: అక్కడ 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే మార్చుకునేలా తయారు చేయాలి.

యాంటెన్నా లేదన్న సాకుకూ జవాబుంది. చీపురుపల్లి సెల్ షాపుల్లో అడిగినా దొరికే చవక బటన్ ఫోన్లలో కొన్నిటికి ఇయర్‌ఫోన్ లేకుండానే రేడియో పలుకుతుంది. నోకియా 105 అందులో ఒకటి. దాని యాంటెన్నా లోపలే ఉంది. తీగంత బాగా పట్టకపోవచ్చు, స్టేషన్ దగ్గరలో ఉంటే చాలుతుంది. ఆ ఫోన్లో సాధ్యమైనది పది రెట్లు ఖరీదైన ఫోన్లో అసాధ్యం కాదు. నిబంధన పెట్టడమూ కొత్త కాదు. 2016 ఏప్రిల్‌లో కేంద్రం పానిక్ బటన్ నియమాలను నోటిఫై చేసింది. బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే సాయం కోసం పిలుపు వెళ్లాలని అందులో రాసింది. 2017 జనవరి 1 నుంచి ఆ ఏర్పాటు లేని ఫోన్ దేశంలో అమ్మడానికి వీల్లేదంది. తయారీదారులకు ఇచ్చిన గడువు 8 నెలలు.