మూడోవంతు చావు

1944 వసంతంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్ ఒక లెక్క కట్టింది. విమాన సిబ్బంది ముప్ఫై దాడులకు వెళ్ళొస్తే ఒక విడత పూర్తయినట్టు. కానీ వెళ్ళింది జర్మనీ మీదికి కాక ఫ్రాన్సు మీదికైతే అది ఒక దాడి కాదు, మూడోవంతు దాడి. అక్కడ ప్రమాదం తక్కువట!

మే 3 రాత్రి ఫ్రాన్సులోని మయ్యీ-ల-కాం సైనిక శిబిరం మీదికి 346 లాంకాస్టర్లు వెళ్ళాయి. 42 తిరిగిరాలేదు. ఒక్కొక్క దాంట్లో ఏడుగురు. వాళ్ళు మూడోవంతు చచ్చారా? ఆ దెబ్బ తర్వాతగాని ఆ నియమం ఎత్తెయ్యలేదు.

బాంబర్ కుర్రాళ్ళను 'హంతకులు' అని ఒక్క మాటతో కొట్టిపారేసే మిత్రులతో నాకు పేచీ ఇక్కడే. నగరాల్లోని జనం, ముఖ్యంగా కార్మికుల గుండెధైర్యం దెబ్బతీయమన్న ఉత్తర్వు 1942 ఫిబ్రవరి 14న వెలువడింది. దాన్ని రాసింది విమానం తోక దగ్గర తుపాకీ గూట్లో రాత్రంతా ఒంటరిగా గడ్డకట్టుకుపోయిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు కాదు. ఇష్టపడి చేరినవాళ్ళే కదా అంటారు. చేరడం ఇష్టమే, మానడం మాత్రం వాళ్ళ చేతిలో లేదు. ఇక వెళ్ళలేనంటే 'నైతిక స్థైర్యం లేనివాడు' అని కాగితాల మీద ముద్ర. సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చచ్చిపోయారు. డ్రెస్డెన్ కాలిపోయాక, 1945 మార్చిలో, అంతదాకా వెనక నిలిచిన చర్చిల్ చేతులు దులుపుకోజూశాడు.

అలాగని 'వీరులు' అంటూ దండలేసి ఊరుకునేవాళ్ళతోనూ నాకు పేచీయే. ఆ దండల చాటున నేలమీది మనిషి కనపడడు. 1942 మార్చి 3 రాత్రి పారిస్ పక్కన బులోన్-బిలాంకూర్‌లోని రెనో ఫ్యాక్టరీ మీదికి 235 విమానాలు వెళ్ళాయి. పోయింది ఒక్కటి. గొప్ప విజయమన్నారు. చుట్టుపక్కల ఇళ్ళలో వందలమంది చచ్చారు. వాళ్ళు శత్రువులు కారు, శత్రువు బూటుకింద నలుగుతున్నవాళ్ళు. యుద్ధం మొత్తంలో మిత్రపక్షాల బాంబులకు ఫ్రాన్సులో పోయిన పౌరులు 50,000కు పైనే. వాళ్ళు ఎవరి లెక్కలో ఎన్నోవంతు?

హిట్లర్ని ఓడించవద్దా అని అడుగుతారు. ఓడించాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ న్యాయమైన యుద్ధమైనా లెక్క అప్పజెప్పాలి. 2012లో లండన్ గ్రీన్ పార్కులో బాంబర్ కమాండ్ స్మారకం లేచింది. బాంబులకు బలైన అన్ని దేశాలవాళ్ళనూ దానిమీద ఒక వాక్యంలో తలుచుకున్నారు. ఆ ఒక్క వాక్యానికి 67 ఏళ్ళు పట్టింది.

పైన చచ్చిన కుర్రాడికీ కింద చచ్చిన కూలీకీ పోటీ పెట్టకండి. ఇద్దరినీ వంతుల్లో లెక్కగట్టిన చెయ్యి ఒకటే. వేలు చూపాల్సింది ఆ చేతి వైపు.